తరుగు

మిర్యాలగూడ, బేరింగుల దుకాణం మీది రూము.
కిటికీ తీస్తే మిల్లుల ఊక దుమ్ము, మూస్తే ఉక్క.
అందుకే సగం తీసి పెడ్త.

కొత్త ఎక్స్‌టెన్షన్ దించుకున్న.
కోడు రాసే ఏఐకి నేను చెప్పే మాటలను దాచి పెట్టి
అడగకముందే దాని చెవిల వేసుడు, గదే దాని పని.
ఎందుకంటే ఏఐకి నిన్న అనేది లేదు.
రోజూ పొద్దుగాల కొత్తగ కూలికి వచ్చిన పిల్లగాడే:
చీపురెక్కడ, కాంటా ఎక్కడ, సేటు ఎవరు,
అన్నీ మొదటి నుంచి.

ఒకటి: దశాంశాలను చెరపకు. నూరు గ్రాములు గూడ ఎవరివో ఒకరివి.
రెండు: తేదీ ముందు, నెల తర్వాత. అమెరికా లెక్క తిప్పకు.
మూడు: తెల్వకుంటే తెల్వదని చెప్పు.
మూడోది రాసి జర సేపు ఆగిన.
మొదటి నౌకరిల నాకు ఎవరన్న ఈ మాట చెప్పి ఉంటే బాగుండు.

నాలుగోదానికి కారణమున్నది.
కాంటా ప్రోగ్రాంల తరుగు అని నేను పెట్టిన పేరును
అది డిస్కౌంట్ అని మార్చింది.
నలభై రెండు చోట్ల.
మంచి పని చేసిన అనుకొని
చివరికి ఒక పచ్చ టిక్కు గూడ పెట్టుకున్నది.

డిస్కౌంట్ అంటే నవ్వుకుంట ఇచ్చేది.
దసరాకు బట్టల షాపోళ్ళు బోర్డు కట్టేది.
తరుగంటే
వడ్లు తడిసినయని, తాలున్నదని
బస్తాకు ఇంతని కోసేది,
కోసినంక ఎవరూ ఆ ముచ్చట ఎత్తనిది.
మా నాయిన అప్పుడు
ట్రాక్టరు ఇంజను మీద చెయ్యేసి ఊకె నిలబడేది,
అది ఇంక కాలుతున్నా.

నాలుగు: తరుగును తరుగనే అను.

సేవ్ కొట్టిన. మల్ల అడిగిన.
మల్ల డిస్కౌంటే.
తెలుగుల పెద్దక్షరాలు లేవు గద,
మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టిన.
డిస్కౌంటే.
క్షమాపణ మాత్రం మంచిగ చెప్పింది.

మూడు రోజులు తిట్టిన దాన్ని.
కాంటా కాడి మహబూబలి చాయ ఊదుకుంట అన్నడు:
"చెప్పినవ్, సరే. ఇనపడ్డదా?"

ఆ రాత్రి సెట్టింగ్స్ విప్పి చూస్తే
దారి చివర రెండు చుక్కలు పెట్టేకాడ
ఒక్కటే పెట్టిన.
ఒక చుక్కంటే ఈ అర్ర వరకే.
రెండైతేనే లోపటి అర్రలన్ని.
పాపం, నా మాట దాని దాకా పోనే లేదు.
కొనుగోలు సెంటర్ల
తేమ ఎంతుంటే ఎంత కోస్తరో రాసిన కాయితం
బీరువ తలుపుకు లోపటి దిక్కు అంటించినట్టు.
బీరువకు తాళం,
చెవి సారు జేబుల,
సారు నల్లగొండల.

రెండో చుక్క పెట్టిన.
ఎప్పటికీ వర్తించాలె అన్న గడిల టిక్కు కొట్టిన.

అప్పుడు బయటపడ్డది ఇంకో ఫైలు.
సేటు చెప్తే పోయినేడు నేనే రాసింది:
తరుగును స్లిప్పు మీద చూపించకు.
ఎక్స్‌టెన్షన్ అడిగింది,
రెండు మాటలు కొట్లాడుకుంటున్నయి, ఏది పైన?
రెండు పేర్లు. పక్కన చిన్న గీతలు.
పట్టుకొని పైకి కిందికి జరుపొచ్చు.
మౌసు మీద వేలు పెట్టి ఎంతసేపు కూసున్ననో.
కింద దుకాణంల ఎవరో బేరింగును గిర్రున తిప్పి చూసి
మల్ల డబ్బల వేసిండ్రు.

జరిపిన.

తెల్లారి మాపటికి కాంటా మీదికి
దామరచర్ల దిక్కు తండా ట్రాక్టరు ఎక్కింది.
రమావత్ హర్యా.
మిషను కిర్రుమని స్లిప్పు కక్కితే
బల్బు కిందికి పోయి
వేలు పెట్టి ఒక్కొక్క వరుస చదివిండు.
ఒక కాడ వేలు ఆగింది.

"తరుగు. నూట పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాములు."

గట్టిగనే చదివిండు.
హమాలీలు ఇటు తిరిగిండ్రు.
మహబూబలి నా దిక్కు చూసి, చూడనట్టు
కాంటా మీద లేని ఊకను ఊడ్చిండు.
హర్యా స్లిప్పును నాలుగు మడతలు పెట్టి
తలరుమాలుల దోపుకున్నడు.

రూముకు వచ్చి ఎడిటర్ తెరిచిన.
పొద్దుగాల సేటు ఫోన్ చేస్తడు.
ఐదు అని అంకె వేసిన.
దాని పక్కన గీత
ఆరుతున్నది, వెలుగుతున్నది.